పుత్తడి మీది పూత

బాళగనూరు అనగానే రాయచూరు జిల్లావాళ్లకు వరి మళ్లు గుర్తొస్తాయి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ నీళ్లు మస్కి, సింధనూరు ప్రాంతపు నల్లరేగడిలోకి క్రమంగా పారాయి. వాటి వెంటే కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు కుటుంబాలతో తరలివచ్చి భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఈనాటికీ క్యాంపులనే అంటారు. కాలువ రాక మునుపు వేల ఏళ్లపాటు ఈ నేలకు పేరు తెచ్చింది మాత్రం ఇక్కడి రాయి. హట్టి నుంచి మస్కి దాకా కొక్కెంలా వంపు తిరిగిన పురాతన శిలల పట్టీ ఒకటుంది. దాని వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. దాని కడుపులో బంగారం ఉంది. ఇవాళ అదే బంగారాన్ని కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా చేసి, వాటి మీద బంకలాంటి పాలిమర్ పూసి, కేన్సర్ మందును కణితి దాకా మోయించాలని ప్రయోగశాలలు కృషి చేస్తున్నాయి. ఈ రెంటినీ కలిపి 'మన పూర్వికులకు నానో విద్య ఎప్పుడో తెలుసు' అని చెప్పుకోవడం ఒక అలవాటుగా మారింది. ఆధారాలు చూస్తే కథ వేరుగా ఉంది. గనిలో బంగారం చరిత్ర దాన్ని ఒంటరిని చేసే ప్రయత్నం. వైద్యంలో బంగారం చరిత్ర దానికి సరైన తోడును వెతికే ప్రయత్నం. మందుగా బంగారం నెగ్గినా ఓడినా తేల్చేది దాని మీది పూతేనని నా వాదన.

ముందు గని సంగతి. హట్టిలో కొత్త కంపెనీలు దిగేనాటికే పాతవాళ్లు తవ్వి వదిలిన గోతులు ఉన్నాయి. వాటిలో కొన్ని 640 అడుగుల లోతు దాకా వెళ్లాయి. ఆ పాత పనుల్లో దొరికిన కర్రలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే దాదాపు రెండు వేల ఏళ్ల నాటివని తేలింది. మందుగుండు లేని రోజుల్లో అంత లోతుకు దిగిన పద్ధతి మొరటుదే అయినా తెలివైనది. బంగారపు చార ఉన్న రాతి మొహానికి కట్టెలు పేర్చి మంట పెడతారు. రాయి బాగా కాగి పగుళ్లిచ్చాక ఆ ముక్కల్ని ఊడబెరికి పైకి మోస్తారు. పైన బండల మీద పెద్ద రాళ్లతో నూరి పిండి చేస్తారు. చుట్టుపక్కల బండల్లో అలా నూరీ నూరీ అరిగిపోయిన గుంటలు పురావస్తు పరిశోధకులకు కనిపించాయి. తర్వాత ఆ పిండిని నీళ్లలో కడుగుతారు. తేలికైన పలుగురాతి పొడి కొట్టుకుపోతుంది, బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. టన్ను రాయిని ఇలా పిండి చేస్తే చేతికొచ్చేది కొద్ది గ్రాములే. రాతి నుంచీ గంధకం నుంచీ వెండి నుంచీ బంగారాన్ని విడదీయడమే ఈ పని అంతటి సారం. కంసాలి కుంపటి దగ్గర జరిగేదీ అదే. మేలిమి అంటే మరేదీ కలవనిదని అర్థం.

ఈ విడదీసే పని మీద రాజ్యాలు కన్నేశాయి. మస్కిలో అశోకుడి శిలాశాసనం 1915లో బయటపడింది. దాన్ని కనిపెట్టిన సి. బీడన్ బంగారు గనుల ఇంజనీరు. అంటే చరిత్ర పరిశోధనకు దారి చూపిందీ బంగారపు వేటే. 'దేవానాంప్రియ' బిరుదు పక్కనే అశోకుడి అసలు పేరు కనిపించి, ఆ బిరుదు ఎవరిదన్న సందేహాన్ని తీర్చింది ఆ రాయే. అదే ఏడాది హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించగా నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ దాన్ని ప్రచురించింది. మౌర్యుల దక్షిణ పాలనా కేంద్రం సువర్ణగిరి అని బ్రహ్మగిరి శాసనం చెబుతోంది. ఆ సువర్ణగిరి మస్కి అని కొందరు, కనకగిరి అని కొందరు, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి అని ఇంకొందరు అన్నారు. వాదన తెగలేదు. కానీ ప్రతిపాదించిన ఊళ్ల పేర్లలోనో నేలలోనో బంగారం ఉండనే ఉంది. ఆధునిక కాలంలో హట్టి గని ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాలు నడిచి 1920లో మూతపడింది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీగా మళ్లీ లేచింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు వైపు వెళ్లింది. కట్టెల మంట స్థానంలో డైనమైట్ వచ్చింది, నీటి కడుగుడుకు సైనైడ్ తోడైంది. ఆశయం మాత్రం మారలేదు. బంగారం నుంచి తక్కినదంతా తీసెయ్యాలి.

వైద్యుడి దగ్గరికి వచ్చేసరికి ఆ మేలిమే అడ్డంకి అవుతుంది. బంగారం దేనితోనూ తొందరగా కలవదు, తుప్పు పట్టదు, కడుపులో కరగదు. నగకు ఇవి సుగుణాలు, మందుకు దోషాలు. ఆయుర్వేదంలో లోహాలతో మందులు చేసే రసశాస్త్రం ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు గమనించదగ్గది. రససిద్ధులకు ఆటపట్టుగా శ్రీశైలానికి పేరుంది. నాగార్జునుడి చుట్టూ అల్లుకున్న కథలు ఆ కొండ చుట్టూనే తిరుగుతాయి. మన వైద్యులు వాడే వసంతకుసుమాకరంలో స్వర్ణభస్మం పడుతుంది. ఆ భస్మం చేసే విధానం ఇది. బంగారాన్ని పల్చటి రేకులుగా సాగగొట్టి, ఎర్రగా కాల్చి నువ్వుల నూనెలో, మజ్జిగలో, గోమూత్రంలో, పులిసిన గంజిలో, ఉలవ కషాయంలో ఒక్కోదాన్లో ఏడేసి సార్లు ముంచుతారు. తర్వాత పాదరసం, గంధకం చేర్చి నిమ్మరసంతో కల్వంలో నూరతారు. బిళ్లలు చేసి ఆరబెట్టి, రెండు మూకుళ్ల మధ్య పెట్టి, అంచులకు చీలమన్ను చుట్టి, పిడకల్లో పుటం పెడతారు. చల్లారాక తీసి మళ్లీ నూరి మళ్లీ పుటం, ఇలా ఎన్నోసార్లు. చివరికి వచ్చిన పొడికి పరీక్షలున్నాయి. వేళ్ల మధ్య రుద్దితే చర్మపు గీతల్లో ఇమిడిపోవాలి. నీళ్ల మీద చల్లితే తేలాలి. తేనె, నెయ్యి, గుగ్గులు, గురివింద, వెలిగారంతో కలిపి కాల్చినా తిరిగి లోహంగా ముద్ద కట్టకూడదు. మూడో పరీక్ష వెనక ఒక లోతైన భయం ఉంది. చిన్నదైన బంగారం మళ్లీ ఒకటైపోతుందేమోనన్న భయం అది. నానో రేణువులతో పనిచేసే రసాయనవేత్తను ఇవాళ వెంటాడేదీ ఆ భయమే.

ఆ భయానికి కారణమేమిటో మొదట కంటికి కనిపించేలా చూపినవాడు మైకేల్ ఫారడే. 1857లో ఆయన బంగారు లవణం ద్రావణాన్ని ఫాస్ఫరస్‌తో చర్య జరిపించి కెంపు రంగు ద్రవం తయారుచేశాడు. ఆ సీసాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంకా ఉన్నాయి. ఆ ఎరుపు బంగారానిదే, కానీ రేణువులు ఆనాటి ఏ సూక్ష్మదర్శినికీ దొరకనంత చిన్నవి. అందులో కాస్త ఉప్పు కలిపితే చూస్తుండగానే ఎరుపు ఊదాకు తిరిగి, నీలమై, కాసేపటికి అడుగున నల్లటి మడ్డి పడుతుంది. రేణువుల మీది విద్యుదావేశం ఒకదాన్నొకటి దూరంగా ఉంచుతూ వచ్చింది. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేసింది. రేణువులు ఒకదానికొకటి అంటుకున్నాయి. మన రక్తం ఉప్పునీరే కాబట్టి ఒట్టి బంగారు రేణువును సిరలోకి ఎక్కిస్తే దాని గతీ ఇంతే. ఇక్కడే బంక రంగంలోకి వచ్చింది. ఉప్పు వేసేముందు కాస్త జిలటిన్ గానీ తుమ్మజాతి చెట్ల బంక గానీ కలిపితే ఎరుపు చెక్కుచెదరదు. 1901లో రిచర్డ్ జిగ్మాండీ దీనికి కొలత పెట్టాడు. పది మిల్లీలీటర్ల ఎర్ర బంగారు ద్రవంలో ఒక మిల్లీలీటరు పది శాతం ఉప్పునీరు పోసినా రంగు మారకుండా ఆపడానికి ఎన్ని మిల్లీగ్రాముల బంక కావాలో, ఆ అంకెను ఆ బంకకు 'బంగారు సంఖ్య' అన్నాడు. జిలటిన్‌కు ఆ సంఖ్య అతి తక్కువ, అరబిక్ బంకకు కొంచెం ఎక్కువ, బంగాళాదుంప పిండికి చాలా ఎక్కువ. ఆయనకు 1925 రసాయన నోబెల్ దక్కింది. పేరులో బంగారం ఉన్నా ఆ సంఖ్య కొలిచింది బంక సత్తాను.

పూతకు ఇంత ప్రాధాన్యం ఎందుకో చిన్న లెక్కతో తేలిపోతుంది. ఒక గ్రాము బంగారాన్ని ఘనంగా పోస్తే దాని పైభాగం మొత్తం ఒక చదరపు సెంటీమీటరు కూడా ఉండదు. అదే గ్రామును 20 నానోమీటర్ల గోళాలుగా చేస్తే వాటన్నిటి పైభాగం కలిపి దాదాపు 15 చదరపు మీటర్లు, ఒక చిన్న గది నేలంత. అంత చిన్నదయ్యాక వస్తువు నడవడికను లోపలి లోహం కన్నా పైనున్న పొర ఎక్కువగా నిర్ణయిస్తుంది. రక్తంలోని ప్రొటీన్లకు తగిలేది ఆ పొర. కాలేయంలో కాపలా కాసే కణాలు గుర్తుపట్టేది ఆ పొరను. మందు అణువు కట్టుకునేదీ దానికే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. భస్మంలోనూ నానో రేణువులున్నాయని శాస్త్రవేత్తలే తేల్చారు కదా, మరి మనవాళ్లకు తెలియదని ఎలా అంటారు? నిజమే. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక స్వర్ణభస్మం నమూనాను పరీక్షిస్తే అందులో సగటున 56, 57 నానోమీటర్ల బంగారు గోళాలు కనిపించాయి. పరిమాణం విషయంలో రసవైద్యుల చేతిపని గొప్పదనానికి అది సాక్ష్యం. కానీ అదే పరీక్ష ఇంకో రెండు సంగతులు చెప్పింది. ఆ బంగారం లోహంగానే ఉంది. ఆ గోళాలు గుంపులుగా అతుక్కుని ఇంకా పెద్ద రేణువులై ఉన్నాయి. అంటే లోహం తిరిగి పుట్టకూడదన్న పాత ఆశయం పొడిని చూసి తృప్తిపడింది గానీ పూర్తిగా నెరవేరలేదు. రెండో ఆక్షేపణ దీనికి కొనసాగింపు. భస్మాన్ని తేనెతో, నేతితో అనుపానంగా ఇస్తారు కదా, అది పూత కాదా? కాదు. అనుపానం మందును నోటి నుంచి కడుపుదాకా చేరుస్తుంది. రేణువుకు అతుక్కుని రక్తంలో దాని వెంట తిరగదు. పైగా భస్మం నోటి ద్వారా పోయేది, దేహమంతటికీ బలమని ఇచ్చేది. ఫలానా కణితికే చేరాలన్న ఉద్దేశం ఆ శాస్త్రానికి లేదు, ఉండాల్సిన పనీ లేదు. లేని ఉద్దేశాన్ని అంటగట్టడం ఆ శాస్త్రాన్ని గౌరవించడం అనిపించుకోదు. చిన్నదనాన్ని సాధించడంలో వాళ్లు ఎంత దూరం వెళ్లారో, తోడును వెతకడంలో ఎక్కడ ఆగారో చెప్పడమే సరైన గౌరవం.

పాశ్చాత్య వైద్యమూ చాలాకాలం దారి తప్పింది. క్షయ క్రిమిని బంగారు సైనైడ్ అణచగలదని 1890లో రాబర్ట్ కాక్ చెప్పాక బంగారు లవణాల మీద మోజు పెరిగింది. 1929లో ఫ్రాన్స్‌లో జాక్ ఫొరెస్టియే వాటిని కీళ్లవాతానికి వాడి ఫలితం చూశాడు, 1985లో ఆరనోఫిన్ అనే మాత్ర అమెరికాలో ఆమోదం పొందింది. ఇవన్నీ బంగారాన్నే మందు అనుకున్న ప్రయోగాలు. మూత్రపిండాల మీద, చర్మం మీద వాటి దుష్ఫలితాలు ఎక్కువ కావడంతో వాడకం తగ్గింది. బంగారం మందు కానక్కర్లేదు, మోసే వాహనం అయితే చాలన్న ఆలోచనకు పూత సిద్ధం కావాలి. ఆ పని 1977లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో అబుకోవ్‌స్కీ, డేవిస్ చేశారు. ప్రొటీన్లకు పాలీఎథిలీన్ గ్లైకాల్ గొలుసులు తగిలిస్తే రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయని చూపారు. ఈ గొలుసుల చివర గంధకం ఉంటే అవి బంగారాన్ని గట్టిగా పట్టుకుంటాయి. నీళ్లు పీల్చుకుని రేణువు చుట్టూ తెరలా పరుచుకుని ప్రొటీన్లను దగ్గరికి రానీయవు. గనివాడు బంగారం నుంచి వదిలించడానికి తంటాలు పడ్డ గంధకాన్ని వైద్యుడు వెతికి తెచ్చి మళ్లీ కట్టబెట్టాడు.

పూతకు ఇంకో పని కూడా ఉంది. చేరాల్సిన చిరునామా రాసి ఉండేది దాని మీదే. ఇక్కడ ఒక తెలుగు పేరు తప్పకుండా చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు నడిపినప్పుడు, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందం ఆయనదే. దాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సర్‌కు వాడాడు. త్వరగా పెరిగే కణాలకు ఫోలేట్ మీద ఆకలి ఎక్కువ. అందుకే చాలా రకాల కేన్సర్ కణాల ఒంటిమీద దాన్ని పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాలమీద కన్నా ఎక్కువగా ఉంటాయి. గ్లైకాల్ గొలుసు కొసన ఫోలిక్ ఆమ్లం తగిలించిన బంగారు రేణువులు అలాంటి కణాల్లోకి ఎంచుకుని వెళ్తాయని 2006లో ప్రయోగశాలలో చూపారు. ఆకలిని మోసం చేసి కణాన్ని చంపాలన్న సుబ్బారావు తరం ఆలోచన ఇప్పుడు దారి చూపే గుర్తుగా పూత కొసకు చేరింది.

ఇక అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. పూతకు అంత మహిమ ఉంటే ఆసుపత్రుల్లో ఈ మందులు ఏవి? 2016లో టొరంటో బృందం పదేళ్ల పరిశోధన పత్రాలను జల్లెడ పట్టింది. సిరలోకి ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేల్చింది. తక్కినవి ఎక్కువగా కాలేయం, ప్లీహం పాలు. ఈ అంకెను దాచిపెట్టి ఈ విద్యను పొగడటం అన్యాయం. కానీ అది పూత ముఖ్యమన్న మాటను కొట్టివేయదు, ఇప్పటి పూతలు చాలవని చెబుతుంది. పూత సాధించగలిగేదాన్ని కణితికి చేరిన వంతుతో మాత్రమే కొలవకూడదు. టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కణితుల రక్తనాళాలను దెబ్బతీస్తుంది, కానీ ఒట్టిగా ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. దాన్ని గ్లైకాల్ పూత ఉన్న 27 నానోమీటర్ల బంగారానికి కట్టి అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రోగులకిచ్చారు. ఒట్టి ప్రొటీన్‌ను తట్టుకోగల మోతాదుకు మూడింతలు ఇచ్చినా తట్టుకున్నారని 2010లో ప్రకటించారు. అది తొలి దశ పరీక్షే, రోగం కుదిరిందనడానికి రుజువు కాదు. అయినా విషాన్ని మందుగా ఇవ్వగలిగే స్థాయికి తెచ్చింది ఆ కూర్పు. బంగారం పెరిగినందువల్ల కాదు.

ఈ దారిలో బంక మళ్లీ ముందుకొచ్చింది, అదీ మన దాపునుంచి. ధార్వాడలో పుట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కట్టేశ్ కట్టి బృందం 2007లో అరబిక్ బంక పూసిన బంగారు రేణువుల మీద పత్రం వెలువరించింది. బంగారం-198 అనే రేడియో ధార్మిక రూపాన్ని అదే బంకతో పూసి ఎలుకల ప్రొస్టేట్ కణితిలోకి నేరుగా ఎక్కిస్తే, కణితి పరిమాణం పోల్చి చూసిన గుంపు కన్నా 82 శాతం తగ్గిందని 2010లో చెప్పింది. ఎలుకల ఫలితం మనుషులకు వర్తిస్తుందన్న హామీ ఏమీ లేదు. తెలిసేదల్లా, నేరుగా కణితిలోకే ఎక్కించడంతో రక్తం, కాలేయం అన్న అడ్డంకులు తొలగాయని, బంక రేణువులను ముద్దకట్టకుండా కాచిందని. దాదాపు అదే కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖకు చెందిన ఆర్.బి. శశిధర్, ఆయన సహచరులు కొండగోగు బంక మీద పనిచేశారు. వేసవిలో ఆకు రాల్చి పసుపుపచ్చటి పూలతో నిలబడే ఆ చెట్టు మన కొండల్లో పెరుగుతుంది. దాని బంక వెండి, బంగారం, ప్లాటినం లవణాలను రేణువులుగా మార్చి, మళ్లీ ముద్ద కట్టకుండా తానే పూతగా నిలుస్తుందని 2011 నాటి వాళ్ల పత్రం చూపింది. వేరే రసాయనం అక్కర్లేదు. చక్కెర గొలుసులు, వాటి మీది ఆమ్ల గుంపులు రెండు పనులూ చేస్తాయి. కొండకాపులు, చెంచులు, కోయలు కొండల్లో ఏరే ఇలాంటి బంకలను కొనడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. రాయచూరును హట్టి గనితో సహా మైసూరుకు ఇచ్చిన సంవత్సరమూ అదే.

హట్టి రాయికీ మిస్సోరీ సీసాకూ సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రయోగశాలలో వాడే బంగారం బాళగనూరు పక్కనుంచే రానక్కర్లేదు. మూలకానికి సొంత ఊరు లేదు. ఒక మోతాదుకు పట్టే బంగారం ఎంతో తక్కువ కాబట్టి ఈ మందుల వల్ల గనికి గిరాకీ పెరిగేదీ లేదు. అయినా ఈ చరిత్ర ఒక కొలబద్ద ఇస్తుంది. రెండు వేల ఏళ్లు ఈ నేల మీద విలువ అంతా తీసివేతలో ఉంది, ఎంత వదిలిస్తే అంత ధర. వైద్యంలో ఆ లెక్క తిరగబడుతుంది, ఏది ఎలా చేర్చారన్నదే విలువ. ఈ తేడా తెలియకే పసిపిల్లలకు స్వర్ణబిందువులని, నానో బంగారు టానిక్కులని అమ్మేవాళ్ల మాటకు జనం పడిపోతున్నారు. వాళ్లు చెప్పేది రెండే మాటలు: ఇందులో మేలిమి బంగారం ఉంది, అది అతి సూక్ష్మంగా ఉంది. మొదటిది గనివాడి గర్వం, రెండోది ఫారడే 1857లోనే సాధించింది. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ రేణువు మీద ఏముంది? ఉప్పునీటిలో నిలుస్తుందా? ఏ అవయవంలో చేరుతుంది, ఎన్నాళ్లుంటుంది, ఎలా బయటికి పోతుంది? మనుషుల మీద ఏ దశ పరీక్ష జరిగింది? వీటికి జవాబు చెప్పగలిగినవాడిదే మందు. చెప్పలేనివాడు అమ్మేది ఎంత మేలిమైనా ఒంట్లో పోసుకోదగ్గది కాదు.